రెండో కన్ను

"అమ్మా, ఆవిడగారితో చెప్పు. రేపు పొద్దున్నే రిపోర్టు కోర్టుకి వెళ్ళాలి. సంతకం పెడుతుందో పెట్టదో ఇవాళ తేల్చేయమను."

మాస్టారు ఈ మాట గోడతో అన్నారు. ఆవిడగారు గోడకీ ఆయనకీ మధ్యనే ఉంది. బల్ల దగ్గర కూర్చుని, చల్లారిపోయిన కాఫీలోకి చూస్తోంది. చెయ్యి చాపితే భుజం అందుతుంది. అయినా కబురు మాత్రం వంటింటి మీదుగా రావాల్సిందే.

అత్తగారు వంటింటి గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడింది. ఇంట్లో మాటలు బందయినప్పటి నుంచీ ఆవిడకి ఇదొక ఉద్యోగమైపోయింది. కొడుకు మాట కోడలికి మొయ్యాలి, కోడలి మాట కొడుక్కి మొయ్యాలి.

"విన్నావుగా అమ్మాయీ?"

"విన్నానండీ. పెట్టలేనని చెప్పండి."

"పెట్టలేదటరా."

"నాకూ చెవులున్నాయమ్మా!"

"చెవులుంటే మీరిద్దరే మాట్లాడుకుని చావచ్చుగా! మధ్యలో నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి."

ఇంకోనాడైతే ఈ మాటకి ముందు నవ్వేది మాస్టారే. ఇవాళ ఎవరూ నవ్వలేదు. ఆదివారం పొద్దు బారెడెక్కింది. వీధిలో ఎవరో కారు కడుగుతున్నారు. ఆ నీళ్ళ చప్పుడు ఇంట్లోకి వినపడుతోంది.

ఇంతకీ ఏమంత కొంప మునిగిందని? పైకి చూస్తే ఒక్క సంతకం. గీకి పారేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమేమిటని అత్తగారి బాధ.

వేలిముద్రల ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. నేరం జరిగిన చోట దొరికిన ముద్రనీ, పోలీసులు పట్టుకొచ్చిన మనిషి ముద్రనీ పక్కపక్కన పెట్టుకుని ముందు ఒకరు చూస్తారు. గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ సుడి తిరిగింది అని వెతికి, రెండింటిలోనూ ఒకేలా ఉన్న చోటల్లా ఎర్రచుక్క పెడతారు. తర్వాత ఇంకొకరు ఆ చుక్కలన్నీ సరిచూసి ఔనంటేనే రిపోర్టు కోర్టుకి పోతుంది. మొదట చూసినవాళ్ళని ఆఫీసులో మొదటి కన్ను అంటారు. తర్వాత చూసినవాళ్ళు రెండో కన్ను.

మాస్టారు మొదటి కన్ను. ఆమె రెండో కన్ను.

ఆమెకి ఈ విద్య నేర్పింది ఆయనే. అందుకే పెళ్ళయ్యాక కూడా మాస్టారు అనే పిలుపు పోలేదు. మొగుడు చూసినదాన్ని పెళ్ళాం సరిచూడటమేమిటని ఏ పై అధికారికీ తోచలేదు. పైపెచ్చు, "ఆలుమగలు ఒక్క మాట మీద ఉండేది లోకం మొత్తం మీద మన ఆఫీసులోనేనయ్యా" అని వేళాకోళం ఒకటి.

అదీ నిజమే. ఇన్నేళ్ళలో రెండో కన్ను ఒక్కసారైనా కాదన్నది లేదు. ఆయన చుక్క పెట్టిన చోట చూస్తే గీత ఉండనే ఉండేది. ఇంక కాదనడానికేముంది?

ఈసారే చిక్కొచ్చిపడింది. కంప్యూటర్లో ఆమె పొరపాటున చుక్కలు పెట్టని ఫోటోలు తెరిచింది. తెరిచింది గనక చూసింది. కళ్ళు పీకేదాకా చూసింది. కిటికీ అద్దం మీద దొరికిన ఆ సగం చెరిగిన ముద్రకీ, జైల్లో ఉన్న ఏసీ మెకానిక్ బొటనవేలికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. సరే, నా కళ్ళకేదో అయిందనుకుని మాస్టారు చుక్కలు పెట్టినవి తెరిచింది. అమ్మయ్య, అన్నీ ఉన్నాయి! చీలికలున్నాయి, సుడి ఉంది, ఆగిపోయిన గీతలున్నాయి. చుక్కలు తీసేస్తే మళ్ళీ ఏమీ లేవు. తను ఇన్నేళ్ళూ చూసింది గీతల్నా, చుక్కల్నా?

ఆ మాటే మాస్టారితో అంది. అనడం వరకూ బాగానే ఉంది. కానీ ఇంటికొచ్చాక నెమ్మదిగా అనకుండా, ఆఫీసులో పదిమందీ వింటుండగా అనేసింది. ఆయన కడుపుమంటలో సగం దానికే.

చచ్చిపోయిన అమ్మాయి మందుల షాపులో పనిచేసేది. అద్దెగదిలో ఒక్కతే ఉండేది. ఎవరో చంపేసి పోయారు. ఆ కిటికీ అద్దం మీది ముద్ర తప్ప ఇంకే ఆధారమూ దొరకలేదు. ఏసీ మెకానిక్‌ది అదే వీధి. "ఆ పిల్ల గది గుమ్మం కూడా నేను తొక్కలేదు మొర్రో" అని అతను మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ముద్ర అతనిదేనని మాస్టారు తేల్చిన రోజు సాయంత్రమే టీవీలో ఆయన బొమ్మ వేశారు. మనుషులు అబద్ధమాడతారు గానీ సైన్సు ఆడదు అని ఒకావిడ చేతులు తిప్పుతూ చెప్పింది. మర్నాటికి మెకానిక్ కొట్టు అద్దాలు ఒక్కటీ మిగల్లేదు.

అప్పట్నుంచీ వీధిలో మాస్టారిని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. కింది వాటా పెద్దాయనైతే ఏకంగా అరచెయ్యి చాపేశాడు.

"మాస్టారూ, మా అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో కాస్త చూసి చెప్పండి."

"అది వేరు సార్. మాది సైన్సు."

"అదేనండీ, సైన్సు ప్రకారమే చూడండి."

ఆ రోజు ఇంటికొచ్చి ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

వీధి తలుపు చప్పుడైంది.

అత్తగారు వెళ్ళి తీసింది. గుమ్మంలో ఒక బక్కపల్చటి మనిషి, చేతిలో గొడుగు. ఎండ గానీ వాన గానీ లేదు, ఊరికే పట్టుకొచ్చినట్టుంది. ఆమెని ముగ్గురూ టీవీలో చూసినవాళ్ళే. చనిపోయిన అమ్మాయి తల్లి. బట్టలు కుట్టి ఒంటిచేత్తో కూతుర్ని పెంచిందని, వీధిలో అందరూ టైలరమ్మ అంటారని అప్పట్లో చెప్పారు.

"ఆదివారం కదా, ఇంట్లో ఉంటారని వచ్చానండీ," అంది టైలరమ్మ. "పొమ్మంటే పోతాను."

"అయ్యో, అదేం మాటమ్మా! రా, కూర్చో," అత్తగారు కుర్చీ లాగింది.

టైలరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. పక్కనే కిటికీ తెర అంచు కుట్టూడి వేలాడుతోంది. ఆవిడ వేళ్ళు వాటంతటవే ఆ అంచుని మడిచి, మళ్ళీ వదిలేశాయి.

"మీకు మొహం చూపించి ఒక మాట చెప్పి పోదామని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను బాబూ," అని మాస్టారి కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీరే లేకపోతే నా బిడ్డని ఎవరు చంపారో కూడా నాకు తెలిసేది కాదు."

మాస్టారు తలొంచుకున్నారు. "నాదేముందమ్మా, నా పని నేను చేశాను."

"రేపు కోర్టులో అయిపోతుందన్నారు. అంతలో నిన్న స్టేషన్లో ఇంకోమాట చెప్పారు. ఎవరో సంతకం పెట్టనంటున్నారట."

ఎవరో అంటూనే టైలరమ్మ ఆమె వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేదేమో. కోపం లేదు.

"నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"నీకు వాడేమైనా చుట్టమా?"

"కాదండీ. నేనతన్ని చూడనైనా లేదు."

"మరి నా మీదేమైనా కోపమా?"

"అయ్యో, మీ మీద కోపమేమిటండీ!"

"మరేంటమ్మా నీ అనుమానం? నేను చదువుకున్నదాన్ని కాదు, అర్థమయ్యేలా చెప్పు. వింటాను."

ఆమె చెప్పబోయింది. చుక్కలున్నప్పుడు కనపడింది, చుక్కలు తీసేస్తే కనపడలేదు అని కూతురు పోయిన తల్లికి ఎలా చెప్పాలి? చెప్తే మాత్రం అదేం మాటలా ఉంటుంది?

"ఆ ముద్ర అతనిదో కాదో నాకు తెలియడం లేదండీ," అంది చివరికి.

"నీకు తెలియకపోతే తెలిసినాయన మాట వినొచ్చుగా. పరాయివాడా? మీ ఆయనేగా!"

అత్తగారు ముక్కు ఎగబీల్చింది.

"దాని కొలతలు నాకింకా నోటికొచ్చు తల్లీ," అంది టైలరమ్మ. "ఎవరైనా ఆ వయసు పిల్ల కొలతలు ఇవ్వడానికొస్తే టేపు పట్టుకోలేకపోతున్నాను. పడుకోబోయే ముందు వాడి మొహం తలుచుకుని నోరారా తిట్టుకుంటాను. అప్పుడు గానీ కన్ను మూతపడదు. ఇప్పుడు నువ్వొచ్చి వాడు కాదంటే, నేనెవర్ని తిట్టుకుని పడుకోవాలి?"

ఆమె లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

టైలరమ్మ కాఫీ వద్దంది. మంచినీళ్ళు తాగింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ తెర ఇలా ఇస్తే కుట్టి పంపిస్తాను" అంది. అత్తగారు ఏడుస్తూ వద్దమ్మా వద్దమ్మా అని తలుపు వేసింది.

తలుపు పడటమే ఆలస్యం, ఇన్నాళ్ళూ వంటింటి మీదుగా నడిచిన మాటలు తిన్నగా వచ్చి పడ్డాయి.

"కడుపు నిండిందా?" అన్నారు మాస్టారు. "ఆ తల్లిని అలా ఉట్టి చేతులతో పంపించావు. చల్లగా ఉందా నీకు?"

"ఉట్టి చేతులతో పంపించక ఏం చెయ్యనండీ? తెలియనిదాన్ని తెలుసని చెప్పనా?"

"నీకు తెలియకపోతే నాకు తెలుసు! నువ్వు గీత చూడటం నేర్చుకున్నదే నా దగ్గర."

"అదేనండీ నా భయం."

"అంటే?"

"మీరు చూపిస్తే తప్ప నాకు కనపడటం లేదు."

"కనపడకపోతే కళ్ళ డాక్టరు దగ్గరికి పో! ఆఫీసులో అందరి ముందూ నా మొహాన పేడనీళ్ళు చల్లడమెందుకు?"

"ఒరేయ్, మెల్లిగా. కిందివాళ్ళు వింటారు," అంది అత్తగారు.

"విననీ! నా పెళ్ళామే నన్ను నమ్మలేదని అందరూ విననీ." ఆయన ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "నీకసలు అర్థమవుతోందా? ఈ ఒక్కటి కాదన్నామనుకో, రేపు ప్రతి దొంగవెధవా ఒక లాయర్ని వెంటేసుకుని వస్తాడు. నా కేసు కూడా తిరగదోడండి, నాది కూడా చూడండి అంటాడు. మనం ఇద్దరం కలిసి పెట్టిన సంతకాలన్నీ ఏం కావాలి?"

ఆమెకి ఆ మాట కొత్త కాదు. ఆ సంతకాలు తలుచుకునే నిద్ర పట్టడం మానేసింది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. గొంతు తగ్గించి అన్నారు. అరిచినప్పటికంటే అప్పుడే ఎక్కువ భయం వేసింది ఆమెకి.

"సరే. నిన్ను బలవంతపెట్టను. రేపు పొద్దున్నే పై ఆఫీసరుకి రాసిస్తాను, నీకు చూపు సరిగా లేదు, ఈ సీట్లో పనికిరావని. కొత్తగా వచ్చిన ఉద్యోగి ఉన్నాడు, అతను పెడతాడు. నువ్వు పెట్టినా పెట్టకపోయినా రిపోర్టు ఆగదు. ఇంక నీ ఇష్టం."

అని లేచి ముందు గదిలోకి వెళ్ళి పేపరు విప్పుకున్నారు. చదవడం లేదు. పేజీ తిప్పిన చప్పుడే లేదు.

ఆమె బట్టలు మడతపెట్టే వంకతో బాల్కనీలోకి వచ్చేసింది.

మనిషికి పగవాళ్ళుంటే అదొక దారి. ఎదురు తిరగొచ్చు, ఏడవొచ్చు, పుట్టింటికి ఫోను చేసి తిట్టుకోవచ్చు. ఆమెకి పగవాళ్ళెవరూ లేరు. ఆయన చెడ్డవాడైతే బాగుండేది. కాదు. ఇన్నేళ్ళలో ఒక్క తప్పుడు రిపోర్టు రాయమన్నా రాయలేదు, పైనుంచి ఎంతమంది చెప్పించినా వినలేదు. అత్తగారు చెడ్డదా అంటే అదీ కాదు, ఇందాకే కాఫీ చల్లారిపోయిందని ఇంకో కప్పు తెచ్చి పెట్టింది. ఆఫీసులో మాత్రం ఎవరేమన్నారు? ఏమీ అనలేదు. మధ్యాహ్నం తినేటప్పుడు ఆమె వచ్చి కూర్చోగానే బల్ల దగ్గరున్నవాళ్ళకి ఏదో పని గుర్తొచ్చేది, అంతే. ఆమె ఎదురుగా ఒక్క కుర్చీ కూడా నిండేది కాదు.

ఆమెకున్నవి ఈ రెండు కళ్ళు. అవీ ఆయన దిద్దినవే. వాటినైనా నమ్ముకుందామంటే ఏ మొహం పెట్టుకుని నమ్మాలి? ఒంటరితనమంటే ఇలా ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చప్పుడు కాకుండా ఏడ్చింది.

ఏడ్చి, మొహం తుడుచుకుని, ఒక నిర్ణయానికొచ్చింది.

తను సంతకం మానేసినంత మాత్రాన ఆ మెకానిక్‌కి ఒరిగేదేమీ లేదు. ఇంకొకరు పెడతారు, మాస్టారు చుక్కలు పెట్టారంటే ఆ ఆఫీసులో కళ్ళు తెరిచి చూసేదెవరు? ఆపగలిగిన మనిషి ఒక్కరే. మాస్టారే.

ఆమె చేతిసంచిలో, దువ్వెన కింద, రెండు ఫోటోలున్నాయి. శుక్రవారం ఆఫీసులో అచ్చు తీసి, ధైర్యం చాలక అలాగే ఉంచేసింది. ఆఫీసువి ఇంటికి తేవడమే తప్పు. దానికి తోడు ఇంకో తప్పు చెయ్యబోతోంది. అవి కిటికీ మీది ముద్రనీ మెకానిక్ వేలినీ చుక్కలు లేకుండా, నంబర్లు లేకుండా, తలకిందులుగా తిప్పి, కొంచెం పెద్దవి చేసి తీసినవి. మాస్టారు వాటిని మొదటిసారి చూసి నెలలైంది. ఆ తర్వాత ఎన్ని వేళ్ళు చూశారో లెక్కలేదు. ఈ ముద్రని మళ్ళీ చూసినప్పుడల్లా చుక్కలతోనే చూశారు. రోజూ కళ్ళజోడుతో కనిపించే మనిషి అది తీసేస్తే గుర్తుపట్టలేమే, అలాంటిదే ఇదీను.

ఆయన్ని పట్టించాలని కాదు ఆమె కోరిక. ఈ మాట ఎవరూ నమ్మరేమో గానీ, ఆయన గెలవాలనే. చుక్కలు లేకుండా చూసి కూడా, "ఇవి రెండూ ఒకరివే" అని ఆయన ఒక్క మాట అంటే చాలు. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తుంది. తప్పు నాదేనండీ, నా చూపే మసకేసిందని కాళ్ళు పట్టుకుంటుంది. మళ్ళీ ఇద్దరూ కింది వాటా పెద్దాయన మీద జోకులేసుకోవచ్చు.

భోజనాలయ్యాక ఆమె ముందు గదిలోకి వెళ్ళింది.

"ఏవండీ."

పేపరు కదల్లేదు.

"మీ దగ్గర చదువుకుని వేరే ఊరి ఆఫీసుకి వెళ్ళాడే, పొట్టబ్బాయి. వాడు పంపించాడు ఇవి. ఒకసారి మాస్టారికి చూపించమన్నాడు."

పేపరు కొంచెం దిగింది. "ఏమిటట?"

"ఎవరో దుకాణం దోచేశారట. తాళం మీద ఈ ముద్ర దొరికిందట. పోలీసులు ఒకణ్ణి పట్టుకొచ్చి వీడిదే అంటున్నారట. తీరా చూస్తే ఆ మనిషి ఆ రోజు కాలు విరిగి ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడట. ఏం రాయాలో తెలియక వాడు తల పట్టుకుని కూర్చున్నాడు."

అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆమె అనుకోలేదు.

మాస్టారు పేపరు పక్కన పడేశారు. ఇప్పుడు ఆయన మొగుడు కాదు, గురువు. "వాడికెప్పుడూ అంతే, ఒకళ్ళు భుజం తడితే గానీ కలం కదలదు. ఏదీ, ఇలా తే. ఆ భూతద్దం అందుకో."

కిటికీ దగ్గర వెలుగులో బల్ల మీద రెండూ పరిచారు. వంగి చూశారు. కుడి ఫోటో, ఎడమ ఫోటో, మళ్ళీ కుడి. పెన్సిలు కొన కాగితానికి తగలకుండా గీత వెంటే నడిచింది. ఆమె పక్కన నిలబడి ఆ పెన్సిలు కొసనే చూసింది. ఆయన ఊపిరి ఆమెకి వినపడుతోంది.

అత్తగారు తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ ఇటే చెవి పెట్టింది. కొడుకూ కోడలూ పక్కపక్కన నిలబడి ఎన్నాళ్ళయిందో!

"ఏమోయ్," అన్నారు మాస్టారు.

ఏమోయ్! ఆ పిలుపు విని ఎన్ని రోజులైంది.

"ఇదిగో, ఇక్కడ చూడు. ఈ గీత వచ్చి ఎడమకి చీలింది. చీలిందా? ఇప్పుడు ఇందులో చూడు. చీల్లేదు. తిన్నగా పోయింది."

"అక్కడ కొంచెం చెరిగిందేమోనండీ," అంది ఆమె. ఆఫీసులో ఆ రోజు ఆయన అన్న మాటే అది.

"చెరిగితే చుట్టూ మసక ఉంటుంది. ఇది చక్కగా ఉంది. ఇదిగో, ఇక్కడ కూడా కుదరలేదు. ఒక్కటి తేడా వచ్చినా చాలు, ఇక్కడ రెండొచ్చాయి. లేనిది ఉందనుకోవడం మొదలుపెడితే ఎవర్ని పడితే వాణ్ణి జైల్లో తోసేయొచ్చు. ఈ ముక్క మీకందరికీ మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పారు."

"కాదు. ఈ ముద్ర ఆ మనిషిది కాదు. వెంటనే వదిలేయమని రాయమను."

"ఖాయమేనా అండీ?"

"నూటికి నూరుపాళ్ళు!"

"నా తండ్రే!" అంది అత్తగారు గుమ్మంలోంచి. "ఆ కాలు విరిగినవాడి పెళ్ళాం ఎంత ఏడ్చి ఉంటుందో పాపం. వాళ్ళ ఉసురు తగలకుండా కాపాడావురా."

మాస్టారు నవ్వారు. భూతద్దం బల్ల మీద పెట్టి, ఆమె వైపు తిరిగి నవ్వారు. అలసటంతా పోయిన నవ్వు. "వాడి నంబరేదీ, ఫోను కలుపు. నాలుగు చివాట్లు పెడతాను."

ఇక్కడితో ఊరుకోవచ్చు. ఫోను కలవలేదని చెప్పొచ్చు. ఇవాళ సాయంత్రం దాకా ఆయన నవ్వుతూనే ఉంటారు, ఏమోయ్ అని పిలుస్తూనే ఉంటారు. రేపటి సంగతి రేపు. ఎంత ఆశ పడింది! ఒక్క నిమిషం నిజంగానే ఊరుకుందామనుకుంది.

జైల్లో ఉన్నవాడి మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. వేలు మాత్రం చూసింది.

"ఏవండీ, ఆసుపత్రిలో ఎవరూ లేరు," అంది. "తాళం లేదు, దుకాణమూ లేదు. అది కిటికీ అద్దం మీది ముద్ర. ఇది ఏసీ మెకానిక్ బొటనవేలు."

మాస్టారి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మాట చెవిలోకి వెళ్ళి అర్థమయ్యేదాకా అలాగే ఉంది. తర్వాత పోయింది.

అరుస్తారనుకుంది. ఫోటోలు చింపి మొహాన కొడతారనుకుంది. దానికి సిద్ధపడే ఉంది. ఆయన అరవలేదు. బల్ల మీది భూతద్దం మళ్ళీ తీసుకున్నారు.

"తలకిందులుగా పెట్టావు," అన్నారు.

రెండు ఫోటోలనీ తిప్పారు. వంగారు.

"ఇలా పెడితే ఎవరికి కనపడుతుంది? ఆగు." పెన్సిలు కొన మళ్ళీ గీత వెంట బయల్దేరింది. ఈసారి నెమ్మదిగా. "ఆఁ. ఇదిగో. వెలుగు అటునుంచి పడి ఇందాక తెలియలేదు. చీలింది. చూడు, చీలింది కదా."

పెన్సిలుతో చుక్క పెట్టారు.

"ఇదిగో ఇంకోటి." ఇంకో చుక్క. "ఇది అసలు ఇందాక చూడనే లేదు నేను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన అబద్ధమాడుతుంటే బాగుండునని మనసారా కోరుకుంది. పరువు కోసం బొంకుతున్న మనిషితో పోట్లాడొచ్చు, బతిమాలొచ్చు. కానీ ఆ మొహంలో బొంకు లేదు. ఆయనకి నిజంగానే కనపడుతున్నాయి. ఇందాక నిజంగానే కనపడలేదు, ఇప్పుడు నిజంగానే కనపడుతున్నాయి.

అంతకంటే ఘోరం ఇంకోటి జరిగింది. ఆయన చుక్క పెట్టగానే ఆమె కళ్ళు అటు వెళ్ళాయి. అక్కడ గీత చీలినట్టే ఉంది. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"చూశావుగా," అన్నారు మాస్టారు. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "కళ్ళు తెరిచి చూడు. ఇంకా నీకు అనుమానమేనా?"

ఆమె కళ్ళు తెరవలేదు.

వెనక నుంచి అత్తగారి గొంతు వినపడింది.

"ఒరేయ్ నాన్నా, ఇందాక చీల్లేదన్నావు కదరా?"

ఆవిడ తప్పు పట్టాలని అడగలేదు. కొడుకు మాట మీద ఈగ వాలనివ్వని మనిషి. తెలియక అడిగింది, అంతే.

మాస్టారి పెన్సిలు ఆగింది.

"నీకు అర్థం కాదమ్మా. నువ్వు లోపలికెళ్ళు."

అత్తగారు కొడుకు మొహం చూసింది. కోడలి మొహం చూసింది. బల్ల మీది రెండు ఫోటోలూ చూసింది. లోపలికి వెళ్ళలేదు.